జ్వరం వారం, గుండె గండం

ఫ్లూ అని ల్యాబ్ పరీక్షలో తేలినవాళ్లకు ఆ వెంటనే గుండెపోటు ఏ మేరకు వస్తోందో కెనడాలోని ఒంటారియో పరిశోధకులు లెక్కగట్టారు. 2018 జనవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయింది ఆ లెక్క. ఫ్లూ తేలడానికి ముందు ఒక ఏడాది, తర్వాత ఒక ఏడాది తీసుకుంటే గుండెపోటుతో ఆసుపత్రిలో చేరిన సందర్భాలు 364. వాటిలో 20 ఫ్లూ తేలిన తొలి 7 రోజుల్లోనే వచ్చాయి. మిగతా రోజుల సగటు వారానికి 3.3. అంటే ఆ ఒక్క వారం గుండెపోటు ముప్పు 6 రెట్లు. ఎనిమిదో రోజు నుంచి మాత్రం మామూలే.

ఈ అధ్యయనం బలమంతా దాని పద్ధతిలో ఉంది. ఫ్లూ వచ్చినవాళ్లను రానివాళ్లతో పోల్చి ఉంటే, వాళ్లు ముసలివాళ్లనో, పొగ తాగేవాళ్లనో, షుగరు ఉన్నవాళ్లనో కొట్టిపారేయవచ్చు. ఇక్కడ ప్రతి మనిషినీ తనతోనే పోల్చారు. జ్వరం వారంలో ఉన్న మనిషి, జ్వరం లేని వారాల్లో ఉన్న అదే మనిషి. వయసు, వంశం, అలవాట్లు ఏవీ మారలేదు. మారింది వైరస్ ఒక్కటే. పైగా ఫ్లూ ఒక్కటే దోషి కాదని కూడా అదే లెక్క చెప్పింది. ఫ్లూ-బి రకం వస్తే ముప్పు 10 రెట్లు, ఫ్లూ-ఎ అయితే 5 రెట్లు, చిన్నపిల్లల జబ్బుగా పేరుపడ్డ ఆర్‌ఎస్‌వీ వైరస్‌కు 3.5 రెట్లు, ఇతర శ్వాసకోశ వైరస్‌లకు దాదాపు 2.8 రెట్లు. గుండెపోటు వచ్చినవారిలో ఎక్కువమంది 65 దాటినవాళ్లు.

తెలుగునాట ఈ సంగతి ఎవరి నోటా పెద్దగా వినబడదు. వినబడే మాట వేరు. 2021 అక్టోబరులో కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకే పోయారు. 2022 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి హైదరాబాద్‌లో గుండెపోటుతో కన్నుమూశారు. 2023 జనవరిలో కుప్పం పాదయాత్రలో కుప్పకూలిన నందమూరి తారకరత్న మూడు వారాల తర్వాత బెంగళూరు ఆసుపత్రిలో తుదిశ్వాస విడిచారు. ఈ మరణాలకు వైరస్‌తో సంబంధం ఉందని ఎవరూ నిరూపించలేదు. అయినా జిమ్‌లో కూలిన యువకుడి వీడియో, పెళ్లి ఊరేగింపులో పడిపోయిన వరుడి వీడియో ఫోన్‌లో వచ్చిన ప్రతిసారీ కింద రెండే వ్యాఖ్యలు: ‘అంతా కరోనా వల్లే’, ‘అంతా టీకా వల్లే’. ఈ రెండు వాదాల మధ్య అసలు రుజువులున్న విషయం, అంటే మామూలు జ్వరం తెచ్చే ఆ తొలి వారం ముప్పు, ఎవరికీ పట్టకుండా పోతోంది.

అదేమీ కొత్తగా తెలిసిన సంగతీ కాదు. అమెరికా ప్రజారోగ్య శాఖలో గణాంకవేత్త సెల్విన్ కాలిన్స్ 1932లోనే దీన్ని పట్టుకున్నాడు. ఇన్‌ఫ్లుయెంజా విరుచుకుపడిన వారాల్లో ఫ్లూ, న్యుమోనియా చావులు పెరగడంలో వింత లేదు. అవే వారాల్లో గుండెజబ్బు ఖాతాలో రాసిన చావులూ పెరిగాయని ఆయన చూపించాడు. మరణ ధ్రువపత్రంలో ‘గుండెజబ్బు’ అని రాసేస్తే, పది రోజుల కిందట ఆ మనిషి జ్వరంతో పడుకున్న సంగతి ఆ కాగితం మీదికి రాదు. ఆ తర్వాత డెబ్బై ఏళ్లకు, 2004లో, బ్రిటన్ కుటుంబ వైద్యుల రికార్డులు తిరగేసిన మరో బృందం శ్వాసకోశ ఇన్‌ఫెక్షన్ వచ్చిన తొలి 3 రోజుల్లో గుండెపోటు ముప్పు దాదాపు 5 రెట్లు, పక్షవాతం ముప్పు 3 రెట్లకు పైగా ఉంటుందని తేల్చింది. రోజులు గడిచేకొద్దీ అది తగ్గుతూ వచ్చింది. అమెరికాలో 8 ఫ్లూ సీజన్లలో ఆసుపత్రిపాలైన 80 వేల మందికి పైగా పెద్దవాళ్ల రికార్డులు చూస్తే దాదాపు 12 శాతం మందికి గుండె వైఫల్యమో, గుండెపోటో, మరో తీవ్రమైన గుండె సమస్యో తలెత్తింది. ఆర్‌ఎస్‌వీతో చేరిన 50 ఏళ్లు పైబడినవాళ్లలోనైతే ఆ లెక్క 22 శాతం దాటింది.

ముక్కులోనో ఊపిరితిత్తుల్లోనో ఉన్న వైరస్ గుండె దాకా ఎలా వెళ్తుంది? చాలామందిలో వెళ్లాల్సిన పని కూడా లేదు.

గుండెకు రక్తం అందించే కరోనరీ ధమనుల గోడల్లో ఏళ్ల తరబడి కొవ్వు పూడిక చేరుతుంది. దాని మీద పల్చటి పొర ఒకటి ఉంటుంది. ఆ పొర గట్టిగా ఉన్నంతకాలం లోపల పూడిక ఉన్నట్టు మనిషికి తెలియదు. ఇన్‌ఫెక్షన్ రాగానే ఒళ్లంతా యుద్ధానికి సిద్ధమవుతుంది. ఇంటర్‌ల్యూకిన్-6 వంటి రసాయనాలు రక్తంలోకి దిగుతాయి. పూడికలో తిష్ఠ వేసిన మాక్రోఫేజ్ కణాలు రెచ్చిపోయి పై పొరను అరగదీసే ఎంజైములు వదులుతాయి. పొర చిట్లిన చోట ప్లేట్‌లెట్లు గుమిగూడి గడ్డ కడుతుంది. జబ్బు రోజుల్లో రక్తానికి గడ్డకట్టే గుణం ముందే పెరిగి ఉంటుంది కాబట్టి ఆ గడ్డ చిన్నదిగా ఆగక ధమనిని మూసేస్తుంది. పాఠ్యపుస్తకాల్లో చెప్పే గుండెపోటు ఇదే.

పొర చిట్లకుండా వచ్చే గుండెపోటు మరొకటి ఉంది. ఒళ్లు ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే గుండె నిమిషానికి సుమారు 10 సార్లు అదనంగా కొట్టుకుంటుంది. గుండె కండరానికి రక్తం ప్రధానంగా అందేది రెండు కొట్టుళ్ల మధ్య అది సడలిన క్షణంలో. వేగం పెరిగితే ఆ క్షణం కుదించుకుపోతుంది. అటు న్యుమోనియా వల్ల రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది, ఇటు తిండీ నీళ్లూ సరిగా లేక బీపీ పడిపోతుంది. అవసరం పెరిగింది, సరఫరా తగ్గింది. సగం పూడిన కాలువ కింద రెండో పంటకు నీళ్లు అడిగినట్టే. ఇలాంటి గుండెపోటు వచ్చిన మనిషికి యాంజియోగ్రామ్ తీస్తే పూర్తిగా మూసుకుపోయిన ధమని ఒక్కటీ కనబడకపోవచ్చు. ఇది ఎక్కువగా వయసు మళ్లినవాళ్లలో, రక్తహీనత ఉన్నవాళ్లలో, గుండె అప్పటికే బలహీనపడ్డవాళ్లలో జరుగుతుంది.

మూడో దారి నేరుగా గుండె కండరానికే. దీన్ని వైద్యులు మయోకార్డైటిస్ అంటారు, గుండె కండరపు వాపు. కరోనాకు చాలా ముందే కాక్సాకీ-బి, అడినో, పార్వో బి-19 వైరస్‌లు ఈ జబ్బుకు పేరుపడ్డాయి. ఇది ముసలితనాన్ని చూసి రాదు. జలుబు తగ్గిన వారం పది రోజులకు కుర్రాడు ఛాతీలో నొప్పంటాడు, మెట్లెక్కితే ఆయాసమంటాడు, దడ అంటాడు. ఎక్కువమంది పూర్తిగా కోలుకుంటారు. కొద్దిమందిలో గుండె కొట్టుకునే లయ చెదిరి ప్రాణం మీదికి వస్తుంది. వాచిన గుండెతో ఆటలాడటం ప్రమాదమని క్రీడా వైద్యులు 3 నుంచి 6 నెలలు మైదానానికి దూరంగా ఉండమంటారు. జర్మనీలోని బయర్న్ మ్యూనిక్ ఫుట్‌బాల్ జట్టు ఆటగాడు అల్ఫోన్సో డేవిస్‌కు 2022 జనవరిలో కొవిడ్ తర్వాతి పరీక్షల్లో స్వల్ప మయోకార్డైటిస్ బయటపడింది. ఆపేశారు. ఏప్రిల్‌లో మళ్లీ ఆడాడు.

కొవిడ్ ఈ పాత కథలోకి పెద్ద గొంతుతో వచ్చింది. 2020 మార్చిలో చైనాలోని ఊహాన్ వైద్యులు 416 మంది రోగుల రక్తంలో ట్రోపోనిన్ చూశారు. గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి కారే ప్రోటీన్ అది. 19.7 శాతం మందిలో పెరిగింది. అలా పెరిగినవాళ్లలో 51.2 శాతం మంది చనిపోయారు, పెరగనివాళ్లలో 4.5 శాతం. ఈ అంతరం చూసి ప్రపంచంలోని గుండె వైద్యులంతా ఉలిక్కిపడ్డారు. ఒక జాగ్రత్త అవసరం. ట్రోపోనిన్ పెరగడమంటే వైరస్ గుండెను తినేసిందని కాదు. ఆక్సిజన్ చాలకపోయినా, ఊపిరితిత్తుల్లో గడ్డ కట్టినా, మూత్రపిండాలు మొరాయించినా అది పెరుగుతుంది. తర్వాత శవపరీక్షలు చేసిన జర్మనీ వైద్యులు గుండె కణజాలంలో వైరస్ ఆనవాళ్లు చాలామందిలోనే కనుగొన్నారు. కానీ అసలైన మయోకార్డైటిస్ అరుదుగానే కనిపించింది. వైరస్ అక్కడుండటం ఒకటి, కండరాన్ని పాడుచేయడం మరొకటి.

జనంలో భయం ఎలా పుడుతుందో చెప్పడానికి ఫ్రాంక్‌ఫర్ట్ ఉదంతం మంచి ఉదాహరణ. 2020 జులైలో అక్కడి వైద్యులు కొవిడ్ నుంచి కోలుకున్న 100 మందికి గుండె ఎంఆర్‌ఐ తీసి, 78 మందిలో ఏదో ఒక తేడా ఉందన్నారు. ప్రపంచమంతా పత్రికల్లో మోతెక్కింది. కొద్ది రోజులకే ఆ వ్యాసంలో గణాంకాల పొరపాట్లు బయటపడ్డాయి, రచయితలు అంకెలు సరిచేశారు, ప్రధాన నిర్ధారణ మాత్రం నిలబడుతుందన్నారు. ఈలోగా ఆగస్టులో అమెరికా కళాశాలల బిగ్ టెన్ క్రీడా సమాఖ్య తన ఫుట్‌బాల్ సీజన్‌ను వాయిదా వేసుకుంది. గుండె వాపు భయం అందులో ఒక కారణం. నెల దాటాక నిర్ణయం మార్చుకుని ఆటలు మొదలుపెట్టింది. దాంతోపాటు ఆటగాళ్లకు పరీక్షలూ చేయించింది. ఫలితం: కొవిడ్ వచ్చిన 1,597 మందిలో మయోకార్డైటిస్ గుర్తులున్నది 37 మందికి, అంటే 2.3 శాతం. లక్షణాలున్నవాళ్లకు మాత్రమే పరీక్ష చేసి ఉంటే దొరికేది 5 మందే. వృత్తి క్రీడాకారులు 789 మందిని దశలవారీగా పరీక్షించిన మరో అధ్యయనంలో గుండె వాపు తేలినవాళ్లు 5 మంది, 0.6 శాతం. 78 నుంచి 0.6 దాకా వచ్చిన ఈ ప్రయాణం పత్రికల మొదటి పేజీల్లో పడలేదు. ఎంత వెతికితే అంత దొరుకుతుంది. దొరికిన ప్రతి మచ్చా జబ్బు కాదు.

కాబట్టి అసలు చూడాల్సినవి పెద్ద జనాభా లెక్కలు. స్వీడన్‌లో కొవిడ్ నిర్ధారణ అయిన 86,742 మందిని ఒంటారియో తరహాలోనే ఎవరితో వారినే పోల్చి చూశారు. తొలి వారంలో గుండెపోటు, పక్షవాతం రెండింటి ముప్పూ దాదాపు 3 రెట్లు. ఇది 2021లో లాన్సెట్‌లో వచ్చింది. వారం కాదు, ఏడాది మాటేమిటన్న ప్రశ్నకు 2022 ఫిబ్రవరిలో అమెరికా మాజీ సైనికుల రికార్డుల నుంచి జవాబు వచ్చింది. తొలి 30 రోజులు బతికి బయటపడ్డ 1,53,760 మంది కొవిడ్ రోగులను లక్షలాది ఇతరులతో పోల్చారు. ఏడాదిలో గుండెజబ్బులన్నీ కలిపి ముప్పు 63 శాతం ఎక్కువ. వెయ్యి మందికి అదనంగా 45 మంది. ఆసుపత్రి గడప తొక్కనివాళ్లలోనూ కొంత పెరుగుదల ఉంది, ఐసీయూకు వెళ్లినవాళ్లలో చాలా ఎక్కువ. ఈ అంకెను మన దగ్గర వాడే ముందు ఆ మాజీ సైనికులెవరో తెలియాలి. సగటున అరవై దాటిన, ఎక్కువగా తెల్లజాతి పురుషులు. జబ్బు పడింది టీకాలు అందరికీ అందకముందు. పాతికేళ్ల విజయవాడ కుర్రాడికి 2024లో వచ్చిన కొవిడ్‌ను ఆ లెక్కతో కొలవడం కుదరదు.

2025లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన ఒక సమీక్ష 155 అధ్యయనాలను ఒకచోట చేర్చింది. ఫ్లూ తేలిన నెలలోపు గుండెపోటు ముప్పు 4 రెట్లు, పక్షవాతం ముప్పు 5 రెట్లు. కొవిడ్ తర్వాత 14 వారాల దాకా రెండూ 3 రెట్లు. ఫ్లూ ముప్పు పదునుగా వచ్చి త్వరగా దిగిపోతుంది. కొవిడ్‌ది మెల్లగా దిగుతుంది. ఎందుకన్నదానికి ఒక ఆధారం న్యూయార్క్‌లో దొరికింది. కొవిడ్‌తో మరణించిన 8 మంది కరోనరీ ధమనుల పూడికల్లో, సరిగ్గా ఆ మాక్రోఫేజ్ కణాల లోపల, వైరస్ జన్యుపదార్థం ఉందనీ, అది అక్కడ మంట రగిలిస్తోందనీ 2023లో కియారా జన్నరెల్లీ బృందం చూపించింది. 8 మంది చాలా తక్కువ. ఆ పరిశోధన దారి చూపింది, తీర్పు చెప్పలేదు.

పిల్లల విషయం ఒక పేరాలో చెప్పుకోవచ్చు. 2020 వేసవి నుంచి కొవిడ్ వచ్చిపోయిన మూడు నాలుగు వారాలకు కొందరు పిల్లలకు తీవ్ర జ్వరం, ఒంటిమీద దద్దు, ఎర్రబడిన కళ్లు, పడిపోయే బీపీ కనబడ్డాయి. జపాన్ వైద్యుడు తొమిసాకు కవసాకి 1967లో వర్ణించిన జబ్బును పోలిన దీనికి మిస్-సి అని పేరు పెట్టారు. గుండె పనితీరు దెబ్బతిన్నా స్టెరాయిడ్లు, ఇమ్యూనోగ్లోబులిన్ సకాలంలో అందిన పిల్లల్లో ఎక్కువమంది కోలుకున్నారు. ఒమిక్రాన్ వచ్చాక ఇది బాగా తగ్గిపోయింది.

ఇక టీకా. దీన్ని దాటేసే వ్యాసాన్ని తెలుగు పాఠకుడు నమ్మడు, నమ్మకూడదు కూడా. ఫైజర్, మోడర్నా సంస్థల ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలు అరుదుగా మయోకార్డైటిస్ తెస్తాయన్నది నిజం. ఇజ్రాయెల్‌లో ఒక పెద్ద ఆరోగ్య సంస్థ సభ్యుల లెక్కలో మొత్తం మీద లక్షకు 2, కానీ 16-29 ఏళ్ల మగవాళ్లలో లక్షకు దాదాపు 11. ఎక్కువ కేసులు స్వల్పమైనవే. ఇంగ్లండ్‌లో 3.8 కోట్ల మంది లెక్క చూస్తే కొవిడ్ సోకడం వల్ల పది లక్షలకు 40 అదనపు మయోకార్డైటిస్ కేసులు వచ్చాయి, టీకాల వల్ల వచ్చినవి దానికన్నా చాలా తక్కువ. అయితే అదే బృందం తర్వాత వయసుల వారీగా విడదీసినప్పుడు 40 లోపు మగవాళ్లలో మోడర్నా రెండో డోసు తర్వాతి ముప్పు కొవిడ్ తెచ్చేదానికన్నా ఎక్కువని తేలింది. టీకాను సమర్థించే ఉత్సాహంలో ఈ ముక్కను మింగేసేవాళ్లు అనుమానాలకే ఎరువు వేస్తున్నారు.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. ఫైజర్, మోడర్నా టీకాలు భారతదేశ టీకా కార్యక్రమంలోకి రానేలేదు. ఇక్కడ సింహభాగం వేసింది కొవిషీల్డ్, ఆ తర్వాత హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో తయారైన కొవాగ్జిన్. కొవిషీల్డ్ రకం టీకాకు ఉన్న అరుదైన ముప్పు వేరు: ప్లేట్‌లెట్లు తగ్గుతూ రక్తం గడ్డకట్టే జబ్బు, అదీ వేసిన కొద్ది వారాల్లోపే. డల్లాస్‌లో కొడుకు వేయించుకున్న టీకా గురించిన హెచ్చరిక వాట్సాప్‌లో గుంటూరు చేరి, కొవిషీల్డ్ వేయించుకున్న తండ్రికి మూడేళ్ల తర్వాత నిద్ర పట్టకుండా చేస్తోంది.

మన దేశంలో ఈ ప్రశ్నను నేరుగా అడిగింది భారత వైద్య పరిశోధన మండలి, ఐసీఎంఆర్. 2021 అక్టోబరు నుంచి 2023 మార్చి దాకా హఠాత్తుగా చనిపోయిన, అంతకుముందు ఆరోగ్యంగా ఉన్నట్టే కనిపించిన 18-45 ఏళ్లవాళ్ల వివరాలను 47 ఆసుపత్రుల నుంచి సేకరించింది. 729 మరణాలు. ఒక్కో మరణానికి అదే వయసు, అదే ప్రాంతం వాళ్లను నలుగురి చొప్పున తీసుకుని పోల్చింది. టీకా వేయించుకున్నవాళ్లలో ముప్పు పెరగలేదు. 2 డోసులు పడ్డవాళ్లలో తగ్గింది. ముప్పు పెంచినవాటిలో కొవిడ్‌తో ఆసుపత్రిలో చేరి ఉండటం ఒకటి, దాదాపు 4 రెట్లు. కుటుంబంలో ఎవరైనా హఠాత్తుగా పోయి ఉండటం, చివరి 48 గంటల్లో విపరీతంగా తాగడం, మత్తు పదార్థాలు, ఒంటికి మించిన శ్రమ మిగతావి. అతిగా తాగడమే వీటన్నిటిలో పెద్దది, 5 రెట్లకు పైగా. ఈ అధ్యయనానికీ లోపముంది. చనిపోయినవాళ్ల అలవాట్లు బంధువులను అడిగి తెలుసుకున్నవే. తాగిన సంగతి ఇంట్లోవాళ్లు దాచి ఉంటే ఆ అంకె నిజానికి ఇంకా పెద్దది కావాలి.

ఇంత జరిగాక కూడా 2025 వేసవిలో కర్ణాటకలోని హాసన్ జిల్లాలో నలభై రోజుల్లో ఇరవైకి పైగా గుండెపోటు మరణాలన్న వార్త వచ్చింది. ముఖ్యమంత్రి సిద్ధరామయ్యే టీకాల వైపు వేలు చూపారు. జయదేవ హృద్రోగ సంస్థ సంచాలకుడి నేతృత్వంలోని కమిటీ ఆ మరణాలను ఒక్కొక్కటిగా పరిశీలించి, గుండె మరణాలు అసాధారణంగా పెరిగిన దాఖలా లేదంది. షుగరు, బీపీ, పొగ, కుటుంబ చరిత్ర వంటి పాత కారణాలే ఎక్కువమందిలో కనిపించాయి. అదే ఏడాది జులైలో కేంద్ర ఆరోగ్య శాఖ కూడా ఎయిమ్స్ అధ్యయనం తొలి ఫలితాలను ఉటంకిస్తూ యువత హఠాన్మరణాలకు గుండెపోటే ప్రధాన కారణమని, ఆ తీరులో మునుపటికీ ఇప్పటికీ పెద్ద మార్పు లేదని ప్రకటించింది. దక్షిణాసియా మనుషులకు తొలి గుండెపోటు మిగతా ప్రపంచం కన్నా సుమారు 6 ఏళ్లు ముందే వస్తుందని, 53 ఏళ్ల సగటున, ఇంటర్‌హార్ట్ అధ్యయనం కొవిడ్‌కు పదేళ్లకు పైగా ముందే చెప్పింది. సెల్‌ఫోన్ కెమెరాలు, సీసీ కెమెరాలు లేని రోజుల్లో ఇవే చావులు ఊరి పొలిమేర దాటేవి కావు.

జ్వరానికి వాడే మందుల గురించి మన దగ్గర ఇంకా ఎక్కువ మాట్లాడుకోవాలి. తైవాన్ పరిశోధకులు గుండెపోటుతో చేరిన 9,793 మంది రికార్డులు చూశారు. జలుబు, దగ్గు, జ్వరం వంటి శ్వాసకోశ ఇన్‌ఫెక్షన్ ఒక్కటే ఉంటే గుండెపోటు ముప్పు 2.7 రెట్లు. దానికి తోడు డైక్లోఫెనాక్ కోవకు చెందిన నొప్పి మాత్రలు వేసుకుంటే 3.4 రెట్లు. అదే కోవ మందు ఇంజెక్షన్‌గా తీసుకుంటే 7 రెట్లు దాటింది. ఎక్కువ బాధపడేవాళ్లకే ఇంజెక్షన్ ఇస్తారు కాబట్టి ఆ తేడా మొత్తాన్ని మందు మీదే నెట్టలేం. కానీ తెలుగు పల్లెల్లో జ్వరం రాగానే ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లి సూది వేయించుకోవడం ఎంత మామూలో తెలిసినవాళ్లు ఈ అంకె దగ్గర ఆగి ఆలోచిస్తారు. సూది వేయని డాక్టరును డాక్టరుగానే లెక్కచేయని ఊళ్లున్నాయి. గుండెజబ్బు ఉన్నవాళ్లకు జ్వరానికి పారాసెటమాల్ మేలన్నది వైద్యుల మాట. స్టెంటు వేసినప్పుడు రాసిచ్చిన ఆస్పిరిన్ సంగతి వేరు, జ్వరమొచ్చిందని దాన్ని సొంతంగా ఆపకూడదు.

జలుబుకు అలవాటుగా మింగే అజిత్రోమైసిన్ ఇంకో ఉదాహరణ. అది వైరస్‌ను ఏమీ చేయదు. కొందరిలో మాత్రం గుండె విద్యుత్ లయను సాగదీసి ప్రమాదం తెస్తుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లోనే హెచ్చరించింది. 2020లో దాన్ని హైడ్రాక్సీక్లోరోక్విన్‌తో జతచేసి లక్షల మందికి ఇచ్చారు. రెండూ ఒకే లయను సాగదీసే మందులు. ఆ జోడీ కొవిడ్‌కు పనిచేయదని తర్వాత తేలింది.

గుండెను కాపాడటంలో ఫ్లూ టీకా పాత్ర మీద రుజువులు ఉన్నాయి, అన్నీ ఒకే దిక్కు చూపవు. గుండెపోటు వచ్చి ఆసుపత్రిలో ఉన్నవాళ్లకు 72 గంటల్లోపే టీకా వేసిన ఐఏఎంఐ పరీక్ష 8 దేశాల్లో జరిగింది, అందులో బంగ్లాదేశ్ కూడా ఉంది. 2,571 మంది. ఏడాదిలో మరణాలు ఉత్తుత్తి ఇంజెక్షన్ వేసినవాళ్లలో 4.9 శాతం, టీకా వేసినవాళ్లలో 2.9 శాతం. కొవిడ్ వచ్చిపడటంతో అనుకున్న సంఖ్య చేరకముందే ఆపేశారు. గుండె వైఫల్యం ఉన్న 5,129 మందితో భారత్ సహా 10 దేశాల్లో జరిగిన ఐవీవీఈ పరీక్షలో ప్రధాన లక్ష్యం నెరవేరలేదు, మొత్తం కాలానికి చూస్తే తేడా రుజువు కాలేదు. న్యుమోనియా మాత్రం 40 శాతానికి పైగా తగ్గింది, ఫ్లూ ఉద్ధృతంగా ఉన్న నెలల్లో గుండె సంఘటనలూ తగ్గాయి. టీకా మోతాదు పెంచితే మేలు పెరుగుతుందేమోనని అమెరికా, కెనడాల్లో చేసిన పరీక్షలో తేడా కనబడలేదు. ఇవన్నీ తూచి యూరోపియన్ గుండె వైద్యుల సంఘం 2025లో టీకాను బీపీ మందు, కొలెస్ట్రాల్ మందు, షుగరు మందుల సరసన గుండె రక్షణకు నాలుగో స్తంభమంది. స్తంభమనడం కాస్త పెద్ద మాటే అనిపిస్తుంది. ఒకసారి గుండెపోటు వచ్చినవాళ్లకు మాత్రం ఆ మాట సరిపోతుంది.

దేశంలో తొలి స్వైన్ ఫ్లూ కేసు 2009 మేలో తేలింది హైదరాబాద్‌లోనే. 2015 జనవరిలో తెలంగాణ మరోసారి దాని దెబ్బ తిన్నది. అయినా ఏటా వేయించుకోవాల్సిన ఫ్లూ టీకా ఇప్పటికీ సార్వత్రిక టీకా కార్యక్రమంలో లేదు. ప్రైవేటులో వెయ్యి రూపాయలకు పైమాటే. స్టెంటు వేయించుకుని ఇంటికెళ్లే రోగికి అరడజను మందులు రాస్తారు, ఉప్పు తగ్గించమంటారు, నడవమంటారు. టీకా మాట చెప్పే ఆసుపత్రులు తక్కువ.

జ్వరంలోనో, తగ్గిన రెండు వారాల్లోనో ఛాతీ పట్టేసినట్టుండటం, ఎడమ చేతికో దవడకో నొప్పి పాకడం, చల్లటి చెమటలు, పడుకుంటే ఎక్కువయ్యే ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం కనిపిస్తే అది నీరసమని సరిపెట్టుకోవద్దన్నది వైద్యులంతా చెప్పే మాట. ఈసీజీ, ట్రోపోనిన్ రక్తపరీక్షలతో సంగతి చాలావరకు తేలిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో మొదలైన స్టెమీ కార్యక్రమం కింద గడ్డను కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్‌ను ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే ఉచితంగా ఇస్తున్నారు. అది బయట వేలల్లో ఖరీదు చేసే మందు. కొవిడ్ తర్వాత నెలల తరబడి లేచి నిలబడితే దడ పుట్టేవాళ్ల సంగతి వేరు. వాళ్లలో చాలామందికి గుండె బాగానే ఉంటుంది, దాన్ని నడిపే నాడుల నియంత్రణ తప్పి ఉంటుంది. నీళ్లు, ఉప్పు, మెల్లగా పెంచే వ్యాయామం వంటివాటితో చాలామంది కుదుటపడతారు. గుండెజబ్బేమోనన్న భయంతో ఒక స్కాన్ మీద ఇంకో స్కాన్ తీయించుకునేది ఎక్కువగా వీళ్లే.

ఒంటారియోలో ఆ లెక్క సాధ్యపడటానికి కారణం అక్కడ వైరస్ పరీక్షల ఫలితమూ ఆసుపత్రి రికార్డూ ఒకే ఆరోగ్య సంఖ్య కింద కలవడం. తెలుగు రాష్ట్రాల్లో దానికి కావాల్సిన సరుకు లేక కాదు. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ, ఎవరికి ఏ తేదీన స్టెంటు పడిందో నమోదు చేస్తూనే ఉన్నాయి. వైద్య కళాశాలల్లో ఐసీఎంఆర్ వైరస్ ల్యాబులున్నాయి. ఈ రెండు జాబితాలను పేర్లు చెరిపి పక్కపక్కన పెడితే, వానాకాలం ఫ్లూ వచ్చిన వారాల్లో కర్నూలులోనో వరంగల్‌లోనో గుండెపోట్లు ఎన్ని రెట్లు పెరుగుతున్నాయో, 65 దాటినవాళ్లలోనా 45 దాటినవాళ్లలోనా అన్నది మన అంకెల్లోనే బయటపడుతుంది. టీకా ఎవరికి ముందు ఉచితంగా ఇవ్వాలో నిర్ణయించడానికి ప్రభుత్వాలకు ముందుగా కావాల్సింది ఆ అంకె.